మా అన్న ఎడమ పక్క

బతికున్న సవతినైతే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చవచ్చు. చచ్చిన సవతిని ఏం చేస్తాం? మా జెట్టీ వదిన బతుకంతా ఈ ఒక్క ప్రశ్నతోనే తెల్లవారిందంటే నమ్మండి.

మా అన్న ఆర్విల్‌కు ఆమె రెండో పెళ్ళాం. మొదటామె డెల్ఫియా పెళ్ళయిన మరుసటేడే కాన్పులో బిడ్డతో సహా పోయింది. ఆమెకప్పటికి పందొమ్మిదేళ్ళు. అన్న ఆ దుఃఖంలో ముందూ వెనకా చూసుకోకుండా ఇద్దరికీ సరిపడే వెడల్పాటి సమాధి రాయి తెప్పించి, ఒక సగం మీద ఆమె పేరు, రెండో సగం మీద తన పేరు చెక్కించాడు. తరవాత మళ్ళీ పెళ్ళి చేసుకుంటానని అతనికి మాత్రం ఏం తెలుసు?

మా కొండల్లో ఎవరిని పాతిపెట్టినా తల పడమటికి, కాళ్ళు తూర్పుకి. లోకాంతం నాడు ప్రభువు తూర్పు నుంచి వస్తాడు, బూర మోగుతుంది, చచ్చినవాళ్ళం లేచి నిలబడగానే అందరం ఆయనకు ఎదురుగా ఉంటాం. భార్యను భర్తకు ఎడమ పక్కన పెడతాం, పెళ్ళిలో నిలబడ్డట్టే. అంటే ఆ ఉదయం మా అన్న లేచి ఎడమకు తిరిగితే కనిపించేది డెల్ఫియా మొహం. జెట్టీ వదినకు కావలసింది ఆ చోటు. కుడి పక్కన బోలెడు ఖాళీ ఉంది కదా అంటే, “అక్కడ పడుకుంటే రేపు లేచాక నన్ను ఆయన అక్కగారనుకుంటారు,” అనేది.

మే నెలలో ఒక ఆదివారం మాకు సమాధుల అలంకరణ. ఊరంతా కొండెక్కి, గడ్డి చెక్కి, మట్టి ఎగదోసి, మైనంలో ముంచిన కాగితం పూలు పెడతాం. పాటలూ ప్రార్థనా అయ్యాక అక్కడే బల్లల మీద భోజనాలు. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడే మా అమ్మ వదిన చేతికి పార ఇచ్చి, “డెల్ఫియాకు తల్లి లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఆమెది నువ్వే చూడాలి,” అంది. ఇక ఏటా వదినే. ఆ పూలు చేసేటప్పుడు ఆమె మొహం చూడాలి! “గులాబీలు కావాలట మహారాణికి, గులాబీలు,” అని పళ్ళు నూరుతూ రేకులు మడిచేది. కొండ మీద అందరి పూల కంటే ఆ పూలే బాగుండేవి. ఎవరైనా వంక పెడితే పడేది కాదు మరి.

“వదినా, ఇంత బాగా చేస్తే ఆవిడ మురిసిపోయి కలలోకొస్తుంది,” అని ఏడిపించేదాన్ని.

“రానీ. రెండు తగిలిస్తాను.”

అన్న టోపీ తీసి ఆ రాయి ముందు నిలబడితే, ఈమె పాటలో గొంతు కలుపుతూనే ఓరకంట చూసేది. ఇంటికొచ్చాక గిన్నెలు ఎగిరేవి. “ఆవిడ ఒక్కనాడైనా నీతో పోట్లాడిందా? ఒక్కనాడైనా రొట్టె మాడ్చిందా? ఆ అవసరం రాకముందే పోయింది. చచ్చి సాధించింది మహాతల్లి!” అన్న నోరు మెదిపేవాడు కాదు. అదే అతని తప్పంటాను నేను. నువ్వే నాకెక్కువ అని ఒక్కసారి, అబద్ధమైనా సరే, అనుంటే ఏం పోయేది? మా ఇంటి మగవాళ్ళ నోట్లోంచి మంచి మాట ఊడిపడదు.

ఒకసారి పాస్టరు టాల్మడ్జ్ గారు భోజనానికి వస్తే, ఆయన పళ్ళెంలో వేయించిన కోడి కాలు వేస్తూ అడిగేసింది. “పాస్టరు గారూ, పరలోకంలో ఈయన ఎవరి మొగుడండీ?”

అన్నకు కాఫీ పొలమారింది.

“అక్కడ మొగుడూ పెళ్ళాలూ ఉండరమ్మా. అందరం దేవదూతల్లా ఉంటాం.”

“అంటే ఈయన నాకేమీ కాడా?”

“సహోదరుడవుతాడు.”

“బాగుందండీ! ఇన్నేళ్ళూ కలప మిల్లులో రంపపు పొట్టు అంటిన బట్టలు ఉతికింది సహోదరుడి కోసమా?”

పాస్టరు గారు కోడి కాలు మీద దృష్టి పెట్టారు. వదిన వదిలితేగా! “పోనీ, ఏ వయసుతో లేస్తామో అదైనా చెప్పండి. ఆవిడ పడుచుదిగా ఉన్నప్పుడు పోయింది. నేను నడుం వంగి, పళ్ళూడి పోతాననుకోండి. ఆవిడ పక్కన నన్ను అలా నిలబెడతాడా దేవుడు? అదేం న్యాయం?”

“కొత్త దేహం ఇస్తాడమ్మా. దేవుడి మీద నమ్మకం ఉంచు.”

“దేవుడి మీద ఉందండీ. ఈయన మీదే లేదు.”

కలప మిల్లు పొట్టంతా చేరి చివరికి అన్న ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆఖరి ఉదయం అందరం మంచం చుట్టూ ఉన్నాం. మనిషి పోయేముందు, అంతకుముందే వెళ్ళినవాళ్ళలో ఒకరు తీసుకుపోవడానికి వస్తారు. అది మాకు తెలిసిన సంగతే. మా అమ్మ పోయేటప్పుడు నాన్న వచ్చాడు. అన్న ఉన్నట్టుండి గుమ్మం వైపు చూసి నవ్వాడు. “వచ్చావా,” అన్నాడు. మేమంతా గుమ్మం వైపు తిరిగాం. వదిన మాత్రం అతని భుజం పట్టుకుని ఊపేసింది.

“ఎవరొచ్చారు? ఆర్విల్! ఎవరొచ్చారో చెప్పి పోవయ్యా!”

చెప్పలేదు. నవ్వుతూనే పోయాడు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. “చూశావా లియోటా,” అంది నాతో. “నా చెయ్యి పట్టుకుని దాన్ని చూసి నవ్వాడు.”

“అమ్మ అయ్యుంటుంది, వదినా.”

“అమ్మను చూసి అలా నవ్వుతారా ఎవరైనా?”

నిజం చెప్పాలంటే నేనూ ఆమె అనుకున్నదే అనుకున్నాను.

మర్నాడు గొయ్యి తవ్వడానికి ఇరుగుపొరుగు మగవాళ్ళు పారలతో కొండెక్కారు. వదిన నల్ల గౌనుతో వాళ్ళ వెనకే ఎక్కింది. రాతి మీద అన్న పేరున్న చోట పార దించబోతుంటే, “అక్కడ కాదు. ఒక మనిషి చోటు వదిలి అవతల తవ్వండి,” అంది.

పెద్దకొడుకు వర్లిన్ తెల్లబోయాడు. “అమ్మా, రాయి ఇక్కడుందే!”

“రాయి ఉంటే ఉండనీ. ఆ నడుమ చోటు నాది. మీ నాన్న ఎడమ పక్కన నేను పడుకుంటాను.”

“జనం నవ్వుతారమ్మా.”

“నవ్వనీ. బూర మోగిన రోజు ఎవరు నవ్వుతారో చూద్దాం.”

అలాగే చేశారు. పేరొక చోట, మనిషొక చోట. ఊరంతా అదే ముచ్చట. నాకైతే ఒళ్ళు మండిపోయింది. “ఆవిడ నీకేం ద్రోహం చేసిందని చచ్చినవాళ్ళను విడదీశావు?” అని మొహం మీదే అడిగాను. “నీకు సవతి లేదు. నీకేం తెలుస్తుంది?” అంది. కొన్నాళ్ళు మా మధ్య మాటల్లేవు.

తరవాతి అలంకరణనాడు ఆ ఖాళీ చోట్లో నిలబడి దర్జాగా చూస్తోంది, అటు డెల్ఫియా, ఇటు అన్న. నేను ఊరుకుంటానా? “వదినా, నడుమ దూరావు సరే. ఇక లోకాంతం దాకా ఆవిడ పక్కనే పడుకోవాలిగా?”

ఆమె మొహం మాడిపోయింది. ఆ ముక్క ఆమెకు తట్టనే లేదు! గౌను దులుపుకుని, “అటు వీపు పెట్టి పడుకుంటాలే,” అంది.

నిరుడు మార్చిలో, వాన తెరిపివ్వకుండా కురుస్తున్న వారంలో, వదిన మంచం పట్టింది. ఇక లేవదని ఆమెకూ తెలుసు. ఆ పొద్దున నాచేత జుట్టు దువ్వించుకుంది, కట్టుడు పళ్ళు పెట్టించుకుంది. “ఆయన వచ్చేసరికి బోసినోటితో ఉండకూడదు,” అంది. “రాకపోతే దాని దగ్గరే ఉండిపోయాడని అర్థం, లియోటా,” అంది. వస్తాడులే అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో!

మధ్యాహ్నం కావస్తుండగా ఆమె కళ్ళు తలుపు వైపు తిరిగాయి. మూసిన తలుపే. నొసలు ముడిపడింది.

“ఆయన కాదు,” అంది.

“మరెవరు?”

“అదే.”

“పొమ్మననా వదినా?” అన్నాను.

వదిన అటే చూస్తూనే ఉంది. “జుట్టు చూడు, ఎంత ఒత్తుగా ఉందో,” అంది కచ్చగా. మళ్ళీ చూసింది. ఈసారి గొంతు మారింది.

“ఎంత చిన్నపిల్లే ఇది! మన వర్లిన్ కూతురంత కూడా లేదు. చేతుల్లో పసిగుడ్డు.” నా చెయ్యి వదిలించుకుని, లేవబోయింది. లేవలేకపోయింది. “బాలింతను వానలో నిలబెట్టి చూస్తావేమిటే? వెళ్ళు, తలుపు తియ్యి!”

నేను వెళ్ళి తలుపు బార్లా తీశాను.