రాగి వాషర్లకు బొట్టు

లెక్కల సారు కారు జగిత్యాల రోడ్డు మీద ఆగిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది గాజులవ్వ. ఆ రోజుల్లో కబుర్లు కాళ్ల మీదే నడిచి వచ్చేవి. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు కదలడం లేదు, బడులకు తాళాలు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. సిరిసిల్లలో మా ఇంటి సాంచాలు ఆగిపోయాయి (బట్ట నేసే మరమగ్గాలను మేము సాంచాలంటాం. వాటి మోత మధ్య పుట్టినవాళ్లకు అవి ఆగితే నిద్ర పట్టదు). పని లేని ఇంట్లో ఒక మనిషి తిండైనా తగ్గుతుందని కాబోలు, నాన్న నన్ను కోరుట్లలో మేనత్త ఇంట్లో దింపి వెళ్లాడు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. బడికి పోయి ఎరుగను. సాంచాల పక్క గోడ మీద సుద్దముక్కతో నాన్న రాసిచ్చిన అక్షరాలే నా చదువు. అయినా లోకంలో నాకు తెలియనిది లేదనే ధీమా మాత్రం దండిగా ఉండేది. దేవుడు మనుషులకు పంతొమ్మిదేళ్ల వయసు ఒక్కసారే ఎందుకిస్తాడో తర్వాత అర్థమైంది.

గాజులవ్వ గంప దించి, చెంబెడు నీళ్లు తాగి, అప్పుడు చెప్పింది.

"సిరిసిల్ల పిల్లా, మీ మామ బాగుజేసిన కారు నడి రోడ్డు మీద నిలవడ్డది. పొగ ఎట్ల లేస్తున్నదనుకున్నవ్, మా కోడలు పచ్చి కట్టెలు అంటుపెట్టినట్టే. మైకుల సారు ఏం మాట్లాడుతుండో ఇనవడుతలేదు, ఇంజను చుస్సు చుస్సుమనుడే ఇనవడుతున్నది. పోలీసులొచ్చి కారు తియ్యమన్నరు. అది లేవదు, ఏం జేసుకుంటరో చేసుకోండ్రన్నడు సారు. ఇగ జనం చప్పట్లే చప్పట్లు."

"చప్పట్లెందుకవ్వా?"

"రాస్తారోకోకు అడ్డం పెట్టిండనుకున్నరు. సారు మెడల దండ గూడ పడ్డది."

అత్త వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు కత్తిరిస్తున్న చేయి ఆగకుండానే, షెడ్డు వైపు చూసింది. షెడ్డులో మామ స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు. విన్నాడని ఎందుకంటున్నానంటే, మామ పేరే చెవుల మిస్త్రీ. ఇంజను మీద పెద్ద స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ రోగముందో చెప్పేవాడు. నలభై ఏళ్లుగా కోరుట్ల, కథలాపూర్, ధర్మపురి దాకా డీజిల్ బండ్లకు ఆయన చెవే వైద్యం. అలాంటి మామ, సొంత చేతులతో పది రోజుల కిందట బాగుచేసిన కారు పొగ కక్కిందని వింటూ, చెవిలో పెట్టుకున్న అగ్గిపుల్లను అలాగే మరిచిపోయాడు.

గంట తర్వాత పదిమంది సమ్మెకారులు నినాదాలు చేస్తూ కారును తోసుకొచ్చారు. ముసలి తెల్ల కారు, నెత్తిన రెండు మైకులు. వెనకాలే మెడలో బంతిపూల దండతో లెక్కల సారు. దండ ఉన్నవాడు కోపంగా మాట్లాడితే చూడ్డానికి ఎలాగో ఉంటుంది గానీ, ఆయన కోపం నిజమైనదే.

"మిస్త్రీ, రేపు పొద్దున జగిత్యాలల సభ. కోరుట్లకెల్లి పోయే జనం ముందట నా కారు నడువాలె. పొద్దు గూకేదాంక చూస్త. కాకుంటే తాడు గట్టి ట్రాక్టరుతోటి జగిత్యాలకు గుంజుకపోత. అక్కడి మిస్త్రీకి చూపిస్త."

అంతే అన్నాడు. కానీ దాని అర్థం మామకూ తెలుసు, నాకూ తెలుసు. తన షెడ్డులోంచి తాడు కట్టించుకుని ఒక బండి ఊరి మధ్య నుంచి పోతే, మళ్లీ ఈ షెడ్డుకు ఏ బండీ రాదు. మామకు ఇంజను తప్ప మరొకటి తెలియదు. నేను మనసులోనే ధర్మపురి నరసింహస్వామికి దండం పెట్టుకున్నాను (స్వామికి డీజిల్ ఇంజన్ల సంగతి తెలుసునో లేదోనన్న అనుమానం కలిగినందుకు వెంటనే లెంపలు కూడా వేసుకున్నాను).

మామ ఇంజను మీద స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాడు. "ఇంజెక్టరు కింది నుంచి ఊదుతున్నది. వాషరు కూసోలే" అన్నాడు. ఆ సంగతి నాకు అర్థమైనంత మటుకు చెబుతాను. ఆ కారు ఇంజను నెత్తిన జానెడు లోతున నాలుగు సన్నని బావులుంటాయి. ఒక్కోదాంట్లో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ దిగుతుంది. దాని అడుగున చిటికెన వేలి ఉంగరమంత రాగి వాషర్ ఉంటుంది. లోపలి మంట పైకి తన్నుకు రాకుండా ఆపేది ఆ ఉంగరమే. ఇంజెక్టర్ విప్పినప్పుడల్లా పాత వాషర్ తీసి కొత్తది వేయాలి. తీయడమే కష్టం. ఏళ్ల మసితో కాలి అది అడుగుకు అతుక్కుపోయి ఉంటుంది, వేలు అందదు, చూస్తే ఇనుమూ రాగీ మసీ ఒకే రంగు.

నాలుగు ఇంజెక్టర్లూ విప్పాక మామ టార్చి వేసి ఒక్కో బావిలోకీ కన్ను పెట్టి చూశాడు. "అంత మంచిగనే ఉన్నది. పది రోజుల కింద నేనేసిన వాషర్లే ఉన్నయ్. ఎందుకు ఊదుతున్నదో మరి" అని టార్చిని చేత్తో తట్టాడు. "ఇప్పుడొచ్చే సెల్లులల్ల పస లేదు." ఆ వారంలో ఆయన సెల్లులు మార్చడం అది మూడోసారి. నేను టార్చి తీసుకుని వంగి చూశాను. వెలుగు దండిగానే ఉంది. మామ వేసిన మెరిసే వాషర్ కనిపించింది. దాని కింద ఒక పక్కగా, నల్లగా, ఇంకో అంచు.

"మామా, ఉంగరం కింద ఇంకో ఉంగరమున్నది."

మిగతా మూడూ చూశాను. అన్నింట్లోనూ అంతే. పాతవి తీయకుండా వాటి మీదే కొత్తవి వేశాడు. నలభై ఏళ్ల చేయి అలాంటి తప్పు చేయదు. అప్పుడు నాకు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. సెల్లులు. మొన్న వాకిట్లో తీగ మీద ఆరేసిన ఎర్ర చీరను చూసి "ఏందొదినే, ఎండల నిలవడ్డవ్, వచ్చి కూసోరాదు" అని మామ పిలిస్తే, ఎంత మంచి వేళాకోళమని మేమంతా పడిపడి నవ్వడం. వేళాకోళం కాదన్నమాట. నేను తలెత్తేసరికి మామ నా మణికట్టు పట్టుకున్నాడు. పక్కనే సారు ఉన్నాడు, అవతల అత్త ఉంది. "నువ్వు చూడు బిడ్డా, నేను చెప్త" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేటట్టు.

పై వాషర్లు ఇనుప తీగ వంచి లాగితే నాలుగూ సులువుగా వచ్చాయి. అసలు మొండివి కిందివి. తీగ జారింది. చెక్కిన పుల్ల దిగింది గానీ ఉత్త చేతులతో పైకొచ్చింది. అత్త, బీడీ ఆకుల దగ్గర నుంచే, పుల్లకు సబ్బు రాయమంది. సారు పోయి, బడి తాళం ఎవరితోనో తీయించి, గుర్రపు లాడం లాంటి అయస్కాంతం తెచ్చాడు. దాన్ని తాడుతో బావిలోకి దించబోతుంటే మామ అడిగాడు.

"ఏంది సారూ అది?"

"మాగ్నెట్. ఇట్ల గుంజుతది."

"రాగిని గుంజదు సారూ. పిల్లలకు ఏం చెప్తున్నరు మరి?"

"నేను లెక్కల సారును" అన్నాడాయన, దండ సర్దుకుంటూ.

అప్పుడు నాకు నా సంచిలోని కొక్కెం గుర్తొచ్చింది. సిరిసిల్ల ఇళ్లలో ఆడపిల్లలకు ఎనిమిదో ఏటనే చేతికొచ్చే వస్తువది. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పన్నె అనే దువ్వెనలాంటి చట్రం సందుల్లోంచి ఒక్కొక్క పోగునూ లాగడానికి వాడతాం. రేకంత పలుచన, కొసన చిన్న గాటు. రోజుకు వేల పోగులు లాగిన చేయి నాది. తెచ్చి మామ చేతిలో పెడితే ఆయన దాన్ని వేళ్లతో నిమిరి, కొస తడిమి, మొదటిసారి నవ్వాడు. "నా పెట్టెల ఇన్ని పానాలుండి ఇసొంటిది ఒక్కటి లేకపాయె."

మామ బావుల్లో డీజిల్ చుక్కలు వేసి నాననిచ్చాడు. తర్వాత నా పక్కన స్టూలు వేసుకుని చెవి దగ్గరగా పెట్టాడు. "నడుమ నుంచి దించు. అంచు కిందికి పోనియ్. దొరికినాదే? ఇప్పుడే గుంజకు. కొంచెం ఇటు లేపు, కొంచెం అటు లేపు. ఆ, కిర్రుమన్నది. ఊడుతున్నది." నాకు ఏమీ వినిపించలేదు. కానీ ఆయన ఊడుతోందన్న క్షణానే కొక్కెం కింద ఏదో వదులైంది. మొదటి వాషర్ నల్లటి వడియంలా పైకొచ్చింది. రెండోదీ మూడోదీ అలాగే. నాలుగోదాని దగ్గర టప్పుమంది. కొక్కెం కొస విరిగింది. ఆ ముక్క ఇంజనులో పడితే ఇక కారు సంగతి దేవుడెరుగు. కొక్కెం కదపకుండా పట్టుకున్నాను. మామ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "కింద పడ్డ చప్పుడు రాలే. వాషరు అంచులనే ఉన్నది. మొండి కొసతోటే మెల్లగ లేపు." నిజంగానే ఆ ముక్క వాషర్ అంచులో ముల్లులా గుచ్చుకుని వచ్చింది. కళ్లకద్దుకున్నాను. చేతి మసి కనురెప్పలకు అంటి, గాజులవ్వ తర్వాత రెండు రోజులు నన్ను చూసి కాటుక బాగుందంది.

ఇక బావుల్లోని మసి బయటికి ఊదాలి. ఇంజెక్టర్లు లేకుండానే తాళం తిప్పితే ఇంజనే ఊదేస్తుందని, మామ సారును కారులో కూర్చోమన్నాడు. ఆయన కూర్చోక, కిటికీలోంచి చేయి పెట్టి తాళం తిప్పి, ఏం జరుగుతుందోనని ఇటు వంగాడు. నాలుగు బావులూ ఒక్కసారి ఊదాయి. తెల్ల చొక్కా, బంతిపూల దండ, లెక్కల సారు, మూడూ ఒకే రంగుకొచ్చాయి. ఆయన చొక్కా మార్చుకోవడానికి ఇంటికి పోయాడు.

కొత్త వాషర్లు కొందామంటే సమ్మెకు కొట్లన్నీ బంద్. మామ తాను వేసిన నాలుగింటినీ నా చేతిలో పెట్టాడు. "పొయ్యిల ఎర్రగ కాల్చి నీళ్లల్ల వేయి. రాగి మెత్తవడి మళ్ల కూసుంటది. శుభ్రంగ తుడిచి తే." చెప్పినట్టే చేశాను. కానీ పొయ్యి పక్కనే దేవుడి గూడు. మా ఇంట్లో కొత్త పడుగు ఎక్కించే ముందు పన్నెకు పసుపూ కుంకుమా పెట్టనిదే పోగు ముట్టం. ఇంత గండం గట్టెక్కించిన స్వామికి కృతజ్ఞత చూపకుండా ఇంజను మూయడం నాకు మనసొప్పలేదు. నాలుగు వాషర్లకూ పసుపు రాసి, చుట్టూ కుంకుమ చుక్కలు పెట్టి, పళ్లెంలో వరసగా పేర్చి తీసుకెళ్లాను. పెళ్లికూతుళ్లలా ఉన్నాయి.

మామ ఒకటి తీసుకుని బొటనవేలితో రుద్దాడు. ఆగాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"గిదేంది బిడ్డా, పసుపు వాసన."

నేను దేవుడి గూటి వైపు చూశాను.

"తుడిచి తెమ్మన్న గని పేరంటం జెయ్యమన్ననా? గీ పొడి మంటల కాలి సందయితది, మళ్ల ఊదుతది. కండ్లు పోతే పోయినయ్ గని నా ముక్కు ఇంక పోలే."

వాకిట్లో కత్తెర చప్పుడు ఆగిపోయింది. అత్త చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఎప్పుడు పోయినయ్?"

"మాట వరుసకన్ననే."

"ఎప్పుడు పోయినయంటున్న."

మామ వాషరును తుడుస్తూ తుడుస్తూ అన్నాడు. "రెండేండ్లాయె. మొదలు మంచు కమ్మినట్టుండె. ఇప్పుడు నీ ముఖం గూడ అందాజకే."

"నాకెందుకు చెప్పలే?"

"కండ్లు కానరాని మిస్త్రీకి బండెవలిస్తరే?"

ఆయన నా మణికట్టు పట్టుకుని దాచమన్నదాన్ని, నా భక్తితోనే నేను బయటపెట్టేశాను. అత్త తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని అంది. "ఆరేసిన చీరెతోటి మాట్లాడినప్పుడే నాకు తెలువాల్సింది. గంత మర్యాదగ నాతోటి ఎన్నడన్న మాట్లాడినవా?" మామ నవ్వడం మొదలుపెట్టాడు. అత్త కూడా. నేను నాలుగు వాషర్లనూ మళ్లీ కడిగి, ఆరబెట్టి, బొట్టు లేని ముఖాలతో మామకు అందించాను.

పొద్దు గూకకముందే కారు లేచింది. మామ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విని, తల ఆడించాడు. కొత్త చొక్కాతో వచ్చిన సారుకు అత్త కళ్ల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. "రేపు సభకు మిస్త్రీ గూడ వస్తడు సారూ. కారుల జాగ ఉంచున్రి" అంది. "మిస్త్రీకి తెలంగాణ మీద ఇంత పావురమున్నదని తెలువకపాయె" అని సారు ఆ ప్రేమకు మురిసిపోయాడు. మర్నాడు తాను బాగుచేసిన కారులోనే, మైకుల కింద కూర్చుని, మామ అత్తతో కలిసి జగిత్యాల పోయాడు. సభ దగ్గర అందరూ దిగాక అత్త ఆయన చేయి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పొరలు ముదిరాయన్నాడట డాక్టరు. తీస్తే పోతాయన్నాడు.

ఆపరేషనై కట్లు విప్పిన రోజు మామ షెడ్డు ముందు నిలబడి గోడ వైపు చాలాసేపు చూశాడు. "జై తెలంగాణ అని గింత పెద్దగ ఎవరు రాసిండ్రే మన గోడ మీద?" అన్నాడు. "రెండేండ్లు దాని కిందనే కూసొని చాయ తాగినవ్" అంది అత్త. ఆ తర్వాత వచ్చిన ప్రతి బండివాడికీ తన కళ్ల కథ ఆయనే చెప్పుకున్నాడు, చీరతో మాట్లాడడంతో సహా. బండ్లు మాత్రం తగ్గలేదు.

సాంచాలు మళ్లీ తిరిగాక నేను సిరిసిల్ల వచ్చేశాను. వచ్చేటప్పుడు మామ, ఆ నాలుగో పాత వాషర్ను మెరిసేదాకా రుద్ది, విరిగిన కొస దాంట్లో అలాగే ఉంచి నాకిచ్చాడు. మామ ఇప్పుడు లేడు. ఆ ఉంగరం నా దేవుడి గూట్లో, స్వామి పటం పక్కన ఉంది. రోజూ దానికి పసుపు రాసి, బొట్టు పెడతాను. వాసన చూసి వద్దనేవాళ్లు లేరు గనక కాస్త ఎక్కువే పెడుతున్నాను. అన్నీ తెలుసుననుకుని ఇంజనుకు పేరంటం చేసిన ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆమెను మీరు మరిచిపోయినా ఫరవాలేదు. దారిలో ఎక్కడైనా ఒక ముసలి డీజిల్ బండి చప్పుడు చక్కగా, ఒక్క ఊదు లేకుండా వినిపిస్తే మాత్రం, కళ్లు మూసుకుని ఒక్క క్షణం మా చెవుల మిస్త్రీని తలుచుకోండి.