రొయ్యల బల్ల మీద స్పానిష్

సోమవారం పొద్దున కంపెనీ బస్సు కోట ఊరు దాటుతుండగా చెప్పారు, కోల్డ్‌స్టోర్‌లో పనిచేసే అన్న పోయారని. ఊపిరాడలేదట. నేను బస్సు దిగలేదు. దిగితే హాజరు పోతుంది. నన్ను మంచిదాన్ననుకుని చదవకండి.

ఆయన నాకు సొంత అన్న కాదు. ఓడల్లో వంట చేసి, స్పానిష్ నేర్చుకుని వచ్చిన మనిషి. రొయ్యల్ని సైజు వారీగా వేరుచేసే బల్ల దగ్గర పదో తరగతి తప్పిన నన్ను మనిషిగా చూసింది ఆయనొక్కరే. టీ టైములో బయటకొచ్చి, మొద్దుబారిన వేళ్లతో రెండు రొయ్యలు పక్కపక్కన పెట్టేవారు.

"ఏది పెద్దది మే?"

"ఇదన్నా."

"మాస్ గ్రాందే అను. రెండూ ఒకే సైజైతే?"

"కవలపిల్లలు."

"నీ మొహం! తాన్ గ్రాందే కోమో. దీని అంత పెద్దది అని."

ఎందుకన్నా ఇదంతా అని ఒకరోజు విసుక్కున్నాను.

"స్పెయిన్ నుంచి సరుకు కొనేవాళ్లు వస్తారు. లోపల చలి సంగతి ఒకరన్నా చెప్పాల. నన్ను వాళ్లు చూడరు, నువ్వు బల్ల దగ్గరుంటావు. చాలా చలి అంటే నవ్వేసి పోతారు. దెమాసియాదో ఫ్రీయో అను. మరీ ఎక్కువ, మనిషి తట్టుకోలేనంత అని."

అప్పటికే దగ్గుతున్నారు. బయట పని ఇమ్మని ఎన్నిసార్లు అడిగినా సూపర్‌వైజర్ "చూద్దాం" అనేవాడు.

వాళ్లు వచ్చారు. సూపర్‌వైజర్ నా పక్కనే నిలబడ్డాడు. ఒకాయన రొయ్యనెత్తి, పోయినసారి కంటే పెద్దవా అని స్పానిష్‌లో అడిగాడు. "మాస్ గ్రాందేస్" అన్నాను. చప్పట్లు కొట్టారు, నాతో ఫొటో దిగారు. చలి మాట, దెమాసియాదో ఫ్రీయో, నాలుక చివరే ఉంది. ఉద్యోగం పోతుందని మింగేశాను.

"చెప్పినావా మే?" అన్న అడిగారు.

"చెప్పినానన్నా."

"ఏమన్నారు?"

"చూస్తామన్నారు."

ఆయన ముఖం విప్పారింది. "చాల్లే, అంతమాత్రం అన్నారంటే ఎక్కువే."

ఆ తర్వాత రోజూ అడిగేవారు, ఏమన్నా తెలిసిందా అని. రోజూ ఇంకా లేదన్నాను. చలిలో నిలబెట్టింది కంపెనీ. జవాబు వస్తుంది వస్తుందని నిలబెట్టింది నేను. ఆ మాట చెప్పుంటే బతికేవారా? తెలియదు. తెలియకపోవడం నాకు ఓదార్పేమీ కాదు.

నిన్న ఆయన ఉన్నికోటు కొత్త మనిషికిచ్చారు. కోటు చేతులు వేళ్లు దాటి వేలాడుతుంటే రెండు మడతలు వేసుకుని కోల్డ్‌స్టోర్ లోపలికి వెళ్లాడు. తలుపు మూశాక కూడా గడప మీద తెల్లటి ఆవిరి కాసేపు పాకుతూనే ఉంది.