రెండో ఆదివారం, ఉదయం పది గంటలకు

చేవెళ్ల నుంచి పట్నం వెళ్లే దారిలో, మొయినాబాద్ రాకముందు పక్కదారి పట్టి కొంత దూరం పోతే, సముద్రం లేని ఒక దీవి వస్తుంది. చుట్టూ తవ్విన చెరువు, మధ్యలో దిబ్బ, దాని మీద నీలం, పసుపు, గులాబీ రంగుల గోడలతో ఒక చిన్న ఊరు. ఇరుకు సందులు, సందు చివర పాటలు, కొబ్బరి బోండాలు కొట్టిచ్చే దుకాణాలు, గంటకోసారి మోటారుతో లేచే అలలు. కొబ్బరిచెట్లను కోస్తా నుంచి లారీల మీద తెచ్చి, క్రేనుతో నిలబెట్టి, వేళ్లు పట్టేదాకా తాళ్లతో కట్టి ఉంచారు. ఇసుక కూడా లారీల్లో వచ్చిందే. అదొక రిసార్టు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని ఉత్తగా దీవి అంటారు. అక్కడికి వచ్చేవాళ్ల చేతిలో పెట్టే చిన్న పుస్తకం ఒకటి ఉంది. ఏది ఎప్పుడు చూడాలో, ఎక్కడ తినాలో చెప్పే పుస్తకం. అది రాసింది నేనే.

పేపర్లో ముప్పై ఏళ్లు చేశాను. చేవెళ్ల విలేకరిగా మొదలై, పట్నంలో డెస్కు మీద ముగించి, మళ్లీ చేవెళ్లకే వచ్చాను. పుస్తకం అడిగినప్పుడు కాదనలేదు. ఊరికే కూర్చోవడం చేతకాదు కదా. చెప్పుకోకూడదు గానీ, పుస్తకం బాగానే వచ్చింది. ఎండాకాలం పదకొండు దాటాక ఇసుకలో చెప్పులు విప్పకండి, నాలుగింటికి ట్యాంకరుతో నీళ్లు చల్లుతారు, అప్పటిదాకా ఆగండి అని రాశాను. సాయంత్రం పడవ ఎక్కేదానికంటే చెక్కవంతెన మీద నిలబడితే నీళ్లలో రంగుల గోడలు కదలడం బాగా కనిపిస్తుందని రాశాను. చేపల వేపుడు రెండో సందులోనే తినండి, మిగతా చోట్ల నూనె పాతది అని రాస్తే, ఆ చివరి మాట మేనేజరు కొట్టేశాడు. పూల చొక్కాలు వేసుకుని, దీవివాసుల్లాగా చేతులూపుతూ నిలబడేవాళ్లంతా పక్క ఊరి రైతులేనని మాత్రం నేను రాయలేదు. అది కొట్టేయాల్సిన పని ఆయనకు పడలేదు.

దీవి నడిమధ్యలో ఒక పాత బావి, బావి గట్టున పసుపు పూసిన రాయి ఉన్నాయి. ఆ రాయి మైసమ్మ. పక్క ఊళ్లో ఒక అవ్వ ఉంది, వాళ్ల పొలంలోని బావి అది. భర్త పోయాక మరుదుల కొడుకులంతా కలిసి ఆ నేల అమ్మేశారు. చెరువు తవ్వడానికి వచ్చిన జేసీబీ డ్రైవరు రాయిని ముట్టనన్నాడు. ఇంకొకణ్ని పిలిస్తే వాడూ ముట్టనన్నాడు. అందుకని బావినీ రాయినీ వదిలేసి చుట్టూ తవ్వారు. అలా ఆ దిబ్బ మిగిలింది, దిబ్బ మీద ఊరు లేచింది. నిజానికి ఆ దీవిని నిలబెట్టింది మైసమ్మే.

అవ్వ ఏటా శ్రావణంలో ఆ రాయికి బోనం తెచ్చేది. కొత్త కుండలో బెల్లమన్నం వండి, కుండకు పసుపూ సున్నమూ పూసి, వేపాకు కట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చి, అమ్మ ముందు దించి, పసుపు నీళ్ల సాక పోసి, కోడిని కోసేది. అమ్మకం రోజున కొన్నవాళ్లు, "నువ్వు ఎప్పుడొచ్చినా ఎవరాపుతారవ్వా" అన్నారట. కట్టడం నడిచినన్నాళ్లూ ఎవరూ ఆపలేదు. గేటు పెట్టి, టికెట్టు పెట్టాక ఆమెకు భయం పట్టుకుంది. నేను పుస్తకం రాస్తున్నానని విని చేవెళ్లకు బస్సెక్కి వచ్చింది.

"నోటి మాట బిడ్డా. గేటు పడ్డంక ఎవల యాదిల ఉంటది? నువ్వు పేపరోనివి. నన్ను ఆపొద్దని కాయితం మీద రాయి."

నాకది సబబుగానే తోచింది. అచ్చులో పడ్డదాన్ని కాదనడం కష్టమని నా నమ్మకం. మేనేజరుకు చెబితే ఆయన మొహం విప్పారింది.

"సూపర్ సార్. లోకల్ కల్చర్. కని డేటు, టైము పెట్టాలె. గెస్టులు ప్లాన్ చేస్కోవాలె కద."

అవ్వను అడిగాను, ఏ రోజని.

"ఏ రోజంటే ఏం జెప్పాలె? వానలు వడాలె. మా పాలోళ్లల్ల ఎవలింట్ల సావు, పురుడు ఉండొద్దు. అప్పుడు ఇల్లు అలుక్కొని, తలకు వోసుకొని ఎత్తుత."

పాలోళ్లంటే దాయాదులు. వాళ్లలో ఎవరైనా పోతే ఆ మైల తీరేదాకా బోనం ఎత్తరు. నాకు తెలియని సంగతి కాదు, మా ఇంట్లోనూ అదే పద్ధతి. కానీ తేదీ, సమయం లేని వార్తను మా డెస్కు మీద పక్కన పడేసేవాళ్లం. ఆ అలవాటే ఇక్కడా పనిచేసింది. "శ్రావణంలో రెండో ఆదివారం, ఉదయం పది గంటలకు, బావి దగ్గర. స్థానిక కుటుంబం సమర్పించే బోనం తప్పక చూడండి" అని రాశాను. రెండో ఆదివారం ఎందుకంటే చెప్పలేను. మొదటిదానికంటే నమ్మకంగా అనిపించింది.

శ్రావణం వచ్చింది. రెండో ఆదివారానికి మూడు రోజుల ముందు అవ్వ బావగారు, భర్తకు అన్న, పోయారు. నేను మేనేజరుకు ఫోన్ చేసి, రెండు వారాలు వాయిదా వేయమన్నాను.

"రూములన్ని బుక్కయినయ్ సార్. మీరే రాసిన్రు గద పదింటికని."

"వాళ్లింట్లో చావు జరిగిందండీ."

"అయ్యో. సరే సార్, మేం చూసుకుంటం."

ఏం చూసుకున్నారో చూద్దామని ఆదివారం వెళ్లాను. పట్నం నుంచి డప్పులతో ఒక బృందం వచ్చింది. పట్టుచీర కట్టుకుని, నెత్తిన ఇత్తడి కుండతో ఒకామె సందులన్నీ తిరిగి, సరిగ్గా పదింటికి బావి దగ్గరికి చేరింది. బాగా ఆడింది, కాదనను. కోడి లేదు. కుండలో అన్నం ఉందో లేదో ఎవరూ అడగలేదు. జనం చుట్టూ మూగి ఫోన్లు ఎత్తారు. ఒకాయన పుస్తకం తెరిచి, గడియారం చూసుకుని, "పర్ఫెక్ట్" అన్నాడు. పొగిడింది నా వాక్యాన్ని. అడ్డుపడవలసినవాణ్ని, కొబ్బరిచెట్టు నీడలో నిలబడి చూశాను.

మైల తీరింది. అవ్వ ఇల్లు అలికి, బోనం ఎత్తుకుని, కోడల్ని వెంటబెట్టుకుని నడిచి వచ్చింది. గేటు దగ్గర కాపలా ఉన్నది వాళ్ల ఊరివాడే.

"బోనాలు అయిపోయినయే పెద్దమ్మా. బుక్కుల గట్లనే ఉన్నది" అన్నాడట.

కోడలు నాకు ఫోన్ చేసింది. చేవెళ్ల నుంచి బండి మీద చేరేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా అవ్వ కుండను నెత్తి మీదే పెట్టుకుని గేటు ముందు నిలబడి ఉంది. ఎత్తిన బోనాన్ని అమ్మ ముందే దించాలి. కోడలు ఒక చేత్తో కోడిని, ఇంకో చేత్తో అత్త మోచేతిని పట్టుకుంది. మేనేజరు బ్యాటరీ బండిలో వచ్చాడు.

"అవ్వా, అమ్మవారికి మంచిగ చేసినం. డప్పులు, డ్యాన్సు, అన్ని పెట్టినం. మల్ల రెండోసారి అంటే గెస్టులు ఏందేందని అడుగుతరు."

"ఎవలు చేసిన్రు? ఆమెకు మా ఇంటిపేరన్న ఎర్కేనా?"

"ఇంటిపేరుతోని ఏముందవ్వా, భక్తి ఉంటే చాలు."

అవ్వ మెడ కదపకుండా కళ్లు మాత్రం నా వైపు తిప్పింది. "ఏం రాసినవో సదువు."

కాపలా మనిషి పుస్తకం అందించాడు. నా వాక్యం నేనే చదివాను.

"ఆదివారమని నేను జెప్పిన్నా?"

"లేదవ్వా. టైము లేకుంట అచ్చు వెయ్యరు."

"గట్లయితే మా బావ సావుకు గూడ టైము రాయకపోతివి. జర ముందుగాల సచ్చేటోడు."

కాపలా మనిషికి నవ్వొచ్చి, తల దించుకున్నాడు. నేను మేనేజరుతో చాలా చెప్పాను. అమ్మినప్పటి మాట గుర్తు చేశాను, పుస్తకంలో తప్పు నాదన్నాను. ఆయన ఓపికగానే విన్నాడు. "వచ్చే ఏడాది పక్కా సార్, రెండో ఆదివారం, ఆమెతోనే చేపిద్దాం. కోడి వద్దు గంతే" అన్నాడు.

అవ్వ ఇక నిలబడలేదు. ప్రహరీ వెంబడి నడిచింది. గోడ వెనకవైపు ఒక గొట్టం ఉంది. దీవి చెరువులో ఎక్కువైన నీళ్లు దాని గుండా బయటి కాలువలో పడతాయి. ఆ చెరువును నింపేది మైసమ్మ బావి నీళ్లతోనే. అక్కడ, గొట్టం కింద, సబ్బు నురగ తేలే తడి నేల మీద బోనం దించింది. కోడలు సాక పోసింది. పసుపు నీళ్లు క్షణం కనిపించి, కాలువలో కొట్టుకుపోయాయి. గోడ అవతల అలల మోటారు మోగి, పిల్లలు కేకలు పెట్టారు. కోడిని కోయలేదు. "ఇక్కడ కోస్తే ఎవలకు ముడుతది" అంది అవ్వ. దాన్ని అలాగే చంకన పెట్టుకుని ఇంటికి పోయారు.

పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారని తెలిసి, ఆ తేదీ తీసేయమని మేనేజరుకు ఉత్తరం రాశాను. నా మాట మన్నించారు. తేదీ తీసేశారు. ఆ డప్పుల బోనం జనానికి బాగా నచ్చిందట. ఇప్పుడు ఆ చోట "ప్రతి ఆదివారం, ఉదయం పది గంటలకు" అని ఉంది. మిగతా వాక్యం నాదే.

మొన్న చేవెళ్ల మార్కెట్లో అవ్వ ఎదురుపడింది. ముందే చూసి పక్కకు తప్పుకోబోయాను. టమాటాలు ఏరుతూనే పిలిచింది. ఆ రోజు నుంచి నన్ను బిడ్డా అనడం మానేసింది.

"ఏం సారూ, ఈ ఐతారం ఎన్ని గంటలకు వెట్టిన్రు మా అమ్మకు?"

"పదింటికవ్వా" అన్నాను.