మేము హద్దురాళ్ళమైన పూట

మా చిన్నతనంలో, పుంగనూరులో చదువుకొనే రోజుల్లో, మా బడి కేడెట్ దళానికి సున్నం అంటే ఒక వ్యసనం... ఖాకీ దుస్తులు వేసుకొని ఏ పల్లెకు సేవకు వెళ్ళినా వీధులు ఊడ్చేవాళ్ళం, మురుగు కాలువలు తీసేవాళ్ళం. చివరగా దారికి ఇరువైపులా రాళ్ళు పేర్చి, వాటికి సున్నం కొట్టేవాళ్ళం. తెల్లరాళ్ళ వరుస లేనిదే సేవ పూర్తికాదని మా డ్రిల్లు మాస్టారి నిశ్చితాభిప్రాయం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా చౌడేపల్లె దగ్గరి ఒక పల్లెకు వెళ్ళాము. మధ్యాహ్నం పెద్ద అధికారి చూడటానికి వస్తారని కబురు. తొట్టిలో సున్నం కలిపే పని నాది, రాళ్ళు ఏరుకొని వచ్చే పని మిగిలినవారిది.

కొంతసేపటికి వాళ్ళు విజయగర్వంతో తిరిగివచ్చారు... ఒక్కొక్కరి భుజాన ఒక్కొక్క నిలువురాయి! అన్నీ ఇంచుమించు ఒకే పొడవు. ఊరి వెనుక బీడుచేనిలో వరుసగా పాతి ఉన్నాయట. పద్ధతి గల పిల్లలు కదా... పెకలించిన గుంతలను పూడ్చి, నేలను చదును చేసి మరీ వచ్చారు.

సున్నం ఇంకా ఆరలేదు. ఒక ముసలమ్మ రొప్పుతూ వచ్చింది. ఆమె పేరు గంగులమ్మ.

"ఎంత పని చేసినారప్పా! అవి నా కొడుకుల గెనిమ రాళ్ళు!"

గెనిమ అంటే చేనిగట్టు. ఆమె కొడుకులిద్దరూ, పెద్దవాడు రెడ్డెప్ప, చిన్నవాడు మునెప్ప, వేరు పడినప్పుడు ఆ గట్టు దగ్గరే తలలు పగిలేంత గొడవ జరిగిందట. ఊరి పెద్దలు కూర్చొని ఆ రాళ్ళు పాతించారు. ఆనాటినుండి కొట్లాట లేదు... మాటలూ లేవు.

"ఆ రాళ్ళు నిలబడినందుకే కట్టెలు మూల పడినాయి సారూ. ఇంక నా బిడ్డలు ఒకర్నొకరు బతకనిస్తారా?" అని ఆమె ఏడ్చింది.

అంతలోనే అన్నదమ్ములు చెరొక సందునుండి వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ కట్టెలు. మాస్టారి ముఖం మా తొట్టిలోని సున్నంకన్న తెల్లబడింది.

గట్టుకు ఒక కొసన కానుగ చెట్టు, ఇంకొక కొసన నల్లటి రాతిగుండు. ఆ రెండింటిమీద తగువు లేదు. కానీ నడుమ గట్టు అరిగిపోయింది, హద్దు వంకర తిరుగుతుంది. ఆ వంకర ఎవరి వైపు ఎంత అన్నదే తగువు. గుంతల ఆనవాలు కూడా మిగల్చలేదు మా వాళ్ళు!

మాస్టారు క్షణం ఆలోచించి ఈల ఊదారు. దళమంతా చేనిలోకి పరుగెత్తి, చెట్టునుండి గుండువరకు ఎడం ఎడంగా నిలబడింది. "దాహినే సజ్!" అని ఆజ్ఞ. కుడివైపు చూసి వరుస సరిచేసుకొన్నాము.

"అయ్యా, ఇప్పుడు వీళ్ళే మీ రాళ్ళు. ఎవరిని ఎటు జరపాలో మీరే చెప్పండి. మీరిద్దరూ ఊఁ అనేదాకా ఒక్క రాయీ పాతము" అన్నారు మాస్టారు.

నా దురదృష్టమో అదృష్టమో... సరిగ్గా ఆ వంకర దగ్గర నిలబడినవాణ్ణి నేను.

"ఏమప్పా బక్కోడా, రెండడుగులు ఆ పక్కకు జరుగు" అన్నాడు మునెప్ప.

"జరగొద్దు! రాయి యాడన్నా నడస్తాదా?" అన్నాడు రెడ్డెప్ప.

"మరి ఈ రాయి నా చేనిలో నిలబడుకోనుండాదే, ఆ పక్కాయప్పకు చెప్పు!"

"రాయి నీడ నా చేనిలో పడతాండాది, దానికేమంటాడో ఆయప్పనే అడుగు!"

ఇద్దరి మాటలూ నా మీదుగానే. నేను అటునుండి ఇటు, ఇటునుండి అటు మోస్తున్నాను. పక్క రాళ్ళు పళ్ళ బిగువున నవ్వు ఆపుకొంటున్నాయి. నాకు మాత్రం ఆ రెండు కట్టెలు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

వరుస చూసుకొంటూ మునెప్ప వెనక్కి అడుగులు వేస్తున్నాడు. ఒక్కసారిగా రెడ్డెప్ప కేక పెట్టాడు.

"రేయ్ మునెప్పా! ఎనక ముండ్లకంప ఉండాది, సూసుకోరా!"

ఈసారి ఆ మాట నా మీదుగా పోలేదు.

మునెప్ప ఆగాడు. వెనక్కి తిరిగి కంపను చూశాడు. తరువాత అన్నను చూశాడు.

"సూసినాలేన్నా" అన్నాడు మెల్లగా.

పాతడానికి తెచ్చిన సున్నపు రాళ్ళలో ఒకదానిమీద గంగులమ్మ అట్లాగే కూలబడిపోయింది. తడి సున్నమని కూడా చూసుకోలేదు.

ఆ తరువాత పని ఎంతోసేపు పట్టలేదు. "ఈడ జానెడు నీకే పోనీలేరా" అని ఒకరు, "యాల? సరిగ్గానే పెట్టుకుందాం" అని ఇంకొకరు. నేను ఒక అడుగు అటు, అర అడుగు ఇటు జరిగి, చివరకు స్థిరపడ్డాను. గుంత తవ్వింది మునెప్ప, రాయి నిలబెట్టింది రెడ్డెప్ప. వాళ్ళ చేతుల్లోని కట్టెలు రెండూ తవ్విన మట్టిలోకి ఎప్పుడు జారిపోయాయో ఎవరూ గమనించలేదు.

అధికారి వచ్చి, దారి పక్కన తెల్లరాళ్ళు లేవేమని అడిగారు. మాస్టారు చేను వైపు చెయ్యి చూపారు. ఆయన ఆ వంకర వరుసను కాసేపు చూసి, ఏమీ అర్థంకాకపోయినా, బాగుందని తల ఊపి వెళ్ళిపోయారు. మేమంతా ఒక్కసారిగా ఊపిరి వదిలాము. ఇన్నేళ్ళ జీవితంలో ఎన్నో పరీక్షలు రాశాను, రాయించాను... అంత ఊరట మళ్ళీ ఎరుగను.

గంగులమ్మ కడవతో మజ్జిగ తెచ్చింది. చీర వెనుక తెల్లటి సున్నపు మరక.

"రాళ్ళకు దప్పికయ్యుంటాది, తాగండి నాయనా!"

మొన్న కుప్పంలో మా మనుమరాలి బడికి వెళ్ళాను. ఇప్పుడు ఆడపిల్లలు కూడా కేడెట్లే, చూడముచ్చటగా ఉంది. బడి ముందు తెల్లరాళ్ళు వరుసగా పేరుస్తున్నారు. గబగబా మనుమరాలి దగ్గరికి నడిచాను.

"ఈ రాళ్ళు యాడివమ్మా?" అన్నాను.

"సిమెంటువి తాతా, అంగట్లో తెచ్చినారు. యాల అట్ల బెదురుకుంటావు?" అని నవ్వింది.

హమ్మయ్య అనుకొన్నాను... వీటికోసం ఎవరూ పరుగెత్తుకొని రారు. ఏ అన్నా ఏ తమ్ముణ్ణీ పిలవవలసిన పనీ పడదు.

ఇంటికి వచ్చేదాకా నా నాలుకమీద ఆ మజ్జిగ పులుపే... మీరు కూడా ఎప్పుడైనా ఇద్దరి నడుమ రాయిలా నిలబడ్డారా? నిలబడి ఉంటే, ఆ ముచ్చట ఇక్కడ రాయండి.