పెంటయ్య కట్టిన పేలిక

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మైకుల పెంటయ్య దుకాణం అంటే ఆ రోజుల్లో ఎవరైనా చెయ్యెత్తి చూపించేవారు. పెళ్ళికి ఆయనే, గణపతి పందిరికి ఆయనే, దర్గాలో ఉర్సుకూ ఆయనే. మెదక్ వైపు ఒక పల్లెలో కూలివాళ్ళ ఇంట పుట్టి, పట్నం వచ్చి, ఆబిడ్స్‌లో రేడియో దుకాణం ఊడ్చే పనికి కుదిరి, చూసి చూసి రిపేరు నేర్చుకున్న మనిషి. నలుగురిలో నోరు విప్పడం మాత్రం ఆయనకు చచ్చినా చేతకాదు. లోకానికంతా గొంతు కిరాయికిచ్చి, తాను మాత్రం మైక్‌సెట్టు డబ్బాల వెనక బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. "హల్లో, హల్లో" అని మైకు పరీక్ష చేసే మాట తప్ప ఆయన గొంతు ఆ లౌడ్‌స్పీకరు హారన్లలో ఎవరూ వినలేదు.

ఆయన ఇల్లు రైలు పట్టాల పక్క గుడిసెల బస్తీలో. రేకుల కప్పు, మట్టిగోడలు, ముందు ఒక వేపమొక్క. ఆ మొక్కకు భార్య జంగమ్మ బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. ఆ జాగా మాదంటూ బల్దియా, అంటే మునిసిపాలిటీ, నోటీసులు అంటించినప్పటి నుంచి బస్తీకి కంటిమీద కునుకు లేదు. అప్పుడు అండగా నిలిచినవాడు రామచందర్ సారు. బడిలో లెక్కలు చెప్పే ఆ బక్కపలుచని మనిషి, గన్‌ఫౌండ్రీలో ఉండే వకీలు ప్రహ్లాద్‌ను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించి, కోర్టులో కేసు వేయించి, స్టే తెచ్చాడు. ఆ స్టే మీదే బస్తీ పొయ్యి వెలుగుతోంది. అందుకే బల్దియా ఎన్నికల్లో సారు కార్పొరేటరుగా నిలబడితే బస్తీ అంతా మురిసిపోయింది.

ఎదుట నిలబడ్డవాడు ఇంద్రసేన. బేగం బజార్ వ్యాపారస్తుల ఇంటి మనిషి. మాట తేనె, నవ్వు వెన్న. ఏ గల్లీకి పోతే ఆ గల్లీ భాషలో మాట్లాడతాడు. సారుకు గట్టిగా మాట్లాడటమే రాదు. బడిలో మొదటి వరుస పిల్లలకే ఆయన పాఠం వినబడుతుందని చెప్పుకునేవారు.

నాంపల్లి యువజన సంఘం వాళ్ళకు ఆ ఏడు ఒక కొత్త ఆలోచన వచ్చింది. ఇద్దర్నీ ఒకే వేదిక ఎక్కించి, జనంతో ప్రశ్నలు అడిగిస్తే ఎవరి సత్తా ఏమిటో తేలిపోతుంది కదా అన్నారు. తేలడానికి అదేమైనా కుస్తీ పోటీయా! కానీ జనానికి తమాషా కావాలి. మైదానంలో పందిరి లేచింది. మైక్‌సెట్టు పెంటయ్యదే.

పెంటయ్య దగ్గర రెండు మైకులుండేవి. ఒకటి పాతది, నోరు ఆనించి అరిస్తే గాని పలకదు. రెండోది బొంబాయి నుంచి తెప్పించుకున్నది, ఊపిరి తీసినా పట్టేస్తుంది. దాన్ని పెద్ద పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీసేవాడు కాదు. ఆ సాయంత్రం దాన్ని తీసుకెళ్ళి రామచందర్ సారు ముందు పెట్టాడు. స్విచ్చి వేయడం సారు మరిచిపోతాడేమో, మొదటి మాట గాలికి పోతుందేమో అని పెంటయ్య భయం. స్విచ్చి పైకి నెట్టి, అది కిందికి జారకుండా గుడ్డపేలికతో బిగించి కట్టేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు చేతనైన సాయం చేశానన్న తృప్తితో వెళ్ళి డబ్బాల వెనక కూర్చున్నాడు.

సభ బాగానే మొదలైంది. నల్లాల గురించి, మోరీల గురించి అడిగారు. ఇంద్రసేన చెప్పిన ప్రతిదానికీ చప్పట్లు. సారు చెప్పింది నిజమే, కానీ సగంలో ఆగిపోయి కళ్ళజోడు తుడుచుకునేవాడు. అయినా కొత్త మైకు పుణ్యమా అని ఆయన మెత్తటి గొంతు మైదానం చివరిదాకా వినబడుతుంటే పెంటయ్య ఛాతీ పొంగింది.

అప్పుడు బస్తీలో కూరగాయలమ్మే యాదవ్వ లేచింది. తమ గుడిసెలు ఉంటాయా పోతాయా, ఒక్క మాట చెప్పమంది. ముందు ఇంద్రసేన వంతు. తన పాణం ఉన్నంతవరకు ఒక్క గుంజ కూడా కదలదని గుండె మీద చెయ్యి వేసి చెప్పాడు. ఈలలు, చప్పట్లు, ఇంత ధూళి లేచింది.

ఆ చప్పట్లు అణగే సమయానికి రామచందర్ సారు వేదిక మీద తన పక్కనే కూర్చున్న వకీలు ప్రహ్లాద్ వైపు వంగాడు. ఆయన చెవిలో చెప్పుకున్న మాటే. పేలిక కట్టిన మైకుకు చెవి ఏది, సభ ఏది?

"వకీల్ సాబ్, నిన్న మనం కేసు ఓడిపోయినమని గిప్పుడే చెప్తే వీళ్ళ గుండె పగుల్తది. ఎలక్షన్ అయినంక చెప్దామా?"

నాలుగు హారన్లూ ఆ మాటను నాంపల్లి మీద కుమ్మరించాయి. పెంటయ్య చేతిలో బీడీ జారిపోయింది. లేచి ఉరికాడు గానీ, ఉరికి ఏం చేస్తాడు? పోయిన మాటను పట్టి వెనక్కి గుంజే యంత్రం ఆయన దగ్గర లేదు.

సారు ముఖం పాలిపోయింది. లేచి నిలబడి, ఔ, ఓడిపోయిన మాట నిజమే, కానీ అందరం కలిసి అడిగితే ఇంకోచోట జాగా సంపాదించుకోవచ్చు, దానికోసమే నేను నిలబడ్డాను అని చెప్పబోయాడు. వినేదెవరు? దాచిపెట్టి ఓట్లు దండుకుందామనుకున్నాడని ఒకడు, బల్దియాతో కుమ్మక్కయ్యాడని ఇంకొకడు. యాదవ్వ చెప్పు తీయబోతే ఎవరో ఆపారు. ఆ సాయంత్రమంతా ఆ వేదిక మీద పలికిన మాటల్లో పచ్చి నిజం ఆ గుసగుస ఒక్కటే. అది చెప్పినవాడు దొంగయ్యాడు. గుండె మీద చెయ్యి వేసుకుని అబద్ధమాడినవాడు దేవుడయ్యాడు. ఇక మనుషుల్ని ఏమనుకోవాలి!

మర్నాడు నల్లా దగ్గర ఇదే ముచ్చట, ఇరానీ హోటల్లో ఇదే ముచ్చట. ఇంద్రసేన ఎంత దిలాసాగా కూర్చున్నాడు, సారు ఎట్లా చెమటలు కక్కాడు అని అభినయించి మరీ చూపించుకున్నారు. జాగా సంగతి ఏమిటని అడిగినవాడు లేడు. పేలిక కట్టింది నేనే అని చెప్పాలని పెంటయ్య నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. చెప్తే మాత్రం ఒరిగేదేముంది, కేసు గెలుస్తామా?

రెండు రోజులాగి రామచందర్ సారు దుకాణానికి వచ్చాడు. పెంటయ్య తలెత్తలేదు. సారు జేబులోంచి ఆ పేలిక తీసి బల్ల మీద పెట్టాడు.

"నా మంచికే కట్టినవ్ పెంటయ్యా, నాకెరుకే. కానీ నేను దాద్దామనుకున్న మాట గూడ నిజమే గదా. నీ మీద పెట్టుకోకు."

తిట్టినా బాగుండేది. సారు వెళ్ళిపోయాక పెంటయ్య ఆ రోజంతా దుకాణం తలుపు మూసుకుని కూర్చున్నాడు.

ఓట్లు పడ్డాయి. ఇంద్రసేన గెలిచాడు. దండలు వేసుకుని బస్తీకి వచ్చి, యాదవ్వ చేత బొట్టు పెట్టించుకుని పోయాడు. ఆ పోవడం పోవడమే. బస్తీ పెద్దలు ఇంటికి పోతే సాబ్ బషీర్‌బాగ్ పోయిండు, సాబ్ పండుకున్నడు అని జవాబు. రామచందర్ సారు గడప తొక్కడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు. ఆయన కూడా ఇంకో బడికి బదిలీ చేయించుకుని నాంపల్లి విడిచిపెట్టాడు.

వానాకాలం ముందు బల్దియా మనిషి పెంటయ్య దుకాణానికి వచ్చాడు. రిక్షాకు మైకు కట్టి బస్తీలో ఒక ఎలాన్ చాటించాలన్నాడు. ఏ బస్తీలో అని అడగాల్సిన పని లేకపోయింది. కాదంటే ఇంకొకడు చేస్తాడు. పరాయి గొంతు వచ్చి తన వాళ్ళను లేచిపొమ్మంటే ఎట్లా వినాలి? చెప్పేదేదో నేనే చెప్తానన్నాడు పెంటయ్య.

రిక్షా పొద్దెక్కాక బస్తీలోకి వచ్చింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఎన్నడూ వినని ఆ గొంతు ఎవరిదా అని తలుపుల్లోంచి చూశారు. ఎల్లుండి పొద్దుగూకేలోగా ఇళ్ళు ఖాళీ చేయాలని, లేకుంటే సామాన్లకు బల్దియా జిమ్మేదారీ కాదని, పెంటయ్య ప్రతి మలుపులో ఆగి, తడబడకుండా చెప్పాడు. యాదవ్వ తట్ట దించుకుని అక్కడే చతికిలబడింది.

రిక్షా తన గుడిసె ముందుకొచ్చింది. జంగమ్మ చేతిలో బియ్యం కడిగిన నీళ్ళ గిన్నెతో వేపమొక్క పక్కన నిలబడి ఉంది. మొగుడి ముఖంలోకి చూసింది.

"మనం గూడనా?" అని మెల్లగా అడిగింది.

పెంటయ్య చేతిలో మైకు ఉంది. స్విచ్చి పైకే ఉంది. ఈసారి దానికి పేలిక ఎవరూ కట్టలేదు, స్విచ్చి దించేయాలన్న తలంపే ఆయనకు రాలేదు.

"ఔ. మనం గూడ."

ఆ మాట బస్తీ చివరి గుడిసెదాకా వినబడింది. జంగమ్మ గిన్నెలోని నీళ్ళు మొక్కకు పోసి, లోపలికి వెళ్ళి, దండెం మీది బట్టలు తీయడం మొదలుపెట్టింది.