ఏడువందల అరవై

గంగాధరరావుకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. లాక్టోమీటరు ముంచనిదే పాలగిన్నె ఇంట్లోకి పోదు. కొత్తపేట రైతుబజారులో కిలో టమాటాలు కొన్నా ఇంటికొచ్చి సొంత త్రాసులో మళ్లీ తూస్తాడు. కాకినాడ దగ్గర ఎరువుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు కొలత పరికరాలు సరిచూసిన మనిషి మరి. అబద్ధం చెప్పే గేజీని పట్టుకోవడమే అక్కడ ఆయన ఉద్యోగం. రిటైరై ఎల్బీనగర్‌లో స్థిరపడి పన్నెండేళ్లయినా ఆ ఉద్యోగం మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక ధర్మామీటరు కొన్నాడు. మరుగుతున్న నీళ్లలో పెడితే వంద చూపాల్సింది తొంభై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. కొట్టుకు తిరిగిచ్చేశాడు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోది చేతిలో పెడుతూ కొట్టాయన దండం పెట్టి ఇక రావద్దన్నాడు. అదీ తొంభై ఎనిమిదే చూపింది. దానికి గంగాధరరావు దారంతో ఒక చీటీ కట్టి, 'రెండు డిగ్రీలు తక్కువ చూపును' అని రాసి బీరువాలో పడేశాడు.

ఆదివారాలు ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఆపరేటర్లకు ప్లాంటు లెక్కలు చెబుతాడు. పీడనం, ఉష్ణోగ్రత, సాంద్రత, ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు మార్చడం, ఇవే పాఠాలు. ఆయన పెట్టే పరీక్ష పాసైతేనే పెద్ద అంబర్‌పేట్ దగ్గరి సాల్వెంట్ కంపెనీ వాళ్లను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేస్తుంది. ఈ ఏడు ఆ కంపెనీ నుంచి వచ్చింది జ్యోతిక. ఆరేళ్లుగా ఆపరేటరు. అక్కడ ఇన్‌ఛార్జి అయిన ఆడమనిషి ఇంతవరకూ లేదు.

పేపరు దిద్దుతూ ఒక లెక్క దగ్గర ఆయన పెన్ను ఆగింది. మీ ప్లాంటులో వాక్యూమ్ గేజీ 600 మిల్లీమీటర్లు చూపిస్తే పాత్రలో అసలు పీడనం ఎంత? బయటి గాలి పీడనంలోంచి ఆరువందలు తీసేస్తే చాలు. గాలి పీడనం 760, జవాబు 160. ఆయన ఏళ్ల తరబడి దిద్దుతున్న జవాబు అదే. జ్యోతిక 112 అని రాసింది.

నిరుడు అదే కంపెనీ నుంచి వచ్చిన భిక్షపతి కూడా 112 అనే రాశాడు. ఆ ఒక్క లెక్కతో ఫెయిలయ్యాడు. ఏడాది తేడాతో ఇద్దరికి ఒకే తప్పు రావడమేమిటి? పాత పేపరు చేతులు మారిందని గంగాధరరావు తేల్చేసుకున్నాడు. పరీక్షలో మోసమని కంపెనీకి ఉత్తరం కూడా రాసి పెట్టుకుని, మరుసటి ఆదివారం ఆమెను గదిలోకి పిలిచాడు. ఈ అంకె ఎవరు చెప్పారని నిలదీశాడు.

"భిక్షపతన్న చెప్పిండు సార్," అంది జ్యోతిక.

దొంగ దొరికినందుకు ఆయనకు లోపల సంబరమే అయింది. ఉత్తరం ముందుకు జరిపాడు.

"జవాబు కాదు సార్, బారోమీటరు సూడుమన్నడు. మా ప్లాంటుల గోడకే ఉంటది. ఏడువందల పన్నెండు సూపిస్తది. పాత్రల గాలంత గుంజినా మా గేజీ ఏనాడు ఏడువందల పది దాటలే. పంపు ఖరాబైందని కొత్తోళ్లు పరేషానయితరు. సముద్రం కాడ ఉన్నంత గాలి బరువు గీడ ఉండది సార్. మీ ఇంట్ల నీళ్లు ఎంతకు మరుగుతయి?"

గంగాధరరావు ఉత్తరం జేబులో పెట్టుకుని మెట్రో ఎక్కాడు. ఆమె మాట కూడా నమ్మలేదు, ఆయన అంత తేలిగ్గా నమ్మే మనిషైతే కదా. ఇంటికొచ్చి గిన్నెతో నీళ్లు పొయ్యి మీద పెట్టి, చీటీ కట్టిన ధర్మామీటరు తీశాడు.

"నీళ్లు మరుగుతున్నాయో లేదో దాన్నెందుకండీ అడగడం, కనిపించట్లేదూ?" అంది భార్య లలితకుమారి.

తొంభై ఎనిమిది. నాలుగు ధర్మామీటర్లు కూడబలుక్కుని ఒకే అబద్ధం చెబుతాయా అని ఆయన మొదటిసారి ఆలోచించాడు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుందని, నీళ్లు తొందరగా మరుగుతాయని ఆయనకు తెలియక కాదు. కానీ ఎత్తంటే ఊటీ, తిరుమల. రైలెక్కి పడుకుని తెల్లారి దిగిన ఊరు సముద్రం కన్నా అయిదువందల మీటర్ల పైన ఉంటుందని ఎన్నడూ తట్టలేదు. ఊరు మారాడు గానీ కాకినాడ గాలిని వెంటబెట్టుకొచ్చి పన్నెండేళ్లుగా అందరినీ దాంతోనే తూస్తున్నాడు.

చీటీ తెంపి పారేశాడు, ఉత్తరం చింపాడు. జ్యోతిక పేపరు మీద మార్కులు వేసి సంతకం పెట్టాడు. తర్వాత పాత కట్టలోంచి భిక్షపతి పేపరు వెతికి తీసి, తను ఎర్ర సిరాతో కొట్టేసిన చోట చాలాసేపు చూసి, ఫోన్ చేశాడు.

"నేను గంగాధరరావునయ్యా. నిరుడు నీ లెక్క తప్పని కొట్టేశాను. తప్పు నీది కాదు, నాది. రేపే కంపెనీకి రాస్తాను."

అవతల భిక్షపతి డ్యూటీలో ఉన్నట్టున్నాడు, పంపు శబ్దం వినిపిస్తోంది.

"నా లెక్క కరెక్టని నాకు ఎర్కనే సార్. గా దినమే చెప్దామనుకున్న. మీరు నమ్మరని ఊకున్న."