నిద్రించెను అన్న మాట

ఎలిజబెత్ అక్కకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. నంద్యాలలో మా ప్రైవేటు బడిలో ఆమె తెలుగు చెబుతుంది, నేను లెక్కలు చెబుతాను. పదకొండేళ్లుగా స్టాఫ్ రూంలో మావి పక్కపక్క కుర్చీలు. ఆమె గొంతు తగ్గినప్పుడల్లా హెడ్మాస్టరు కూడా ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోతాడు.

ఆమెది దొర్నిపాడు. కూలికి పోయే ఇంట్లో పుట్టి తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసింది. తప్పు మాట కనిపిస్తే ఊరుకోదు. ఎలీషా అన్న మా బడి బస్సు నడిపేవాడు. కొత్తలో బస్సు వెనక 'దేవుడే నా డైవరు' అని రాయించుకున్నాడు. పెయింటరును పిలిపించి రావత్తు పెట్టించేదాకా ఈమె ఆ బస్సు ఎక్కలేదు. ఆ గొడవలోనే ఇద్దరికీ పెళ్లి కుదిరింది. మొగుణ్ణి కూడా దిద్దుకునే చేసుకుందని మేమంతా ఏడిపించేవాళ్లం.

2021 మే నెలలో ఎలీషా అన్నకు కరోనా వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర పడక లేదు, ఆక్సిజన్ లేదు, పేరు రాసిపెట్టి పోండి, పిలుస్తాం అన్నారు. అక్క రాసింది. మంచి దస్తూరి, ఒక్క తప్పు లేదు. ఇప్పటికీ పిలవలేదు.

తొమ్మిది రాత్రులు ఆయన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. నడుం వాల్చితే ఊపిరి అందేది కాదు. ఆమె ఎదురుగా కూర్చుని, పిల్లలు వదిలేసిన రూళ్ల నోట్సులో రాసుకుంది. "ఏడిస్తే ఆయనకు ఇనపడతాది అర్చనా, రాస్తే ఇనపడదు గదా" అని తర్వాత నాతో చెప్పింది. ఆ నోట్సులో చివరి పేజీ ఇది:

తొమ్మిది రాత్రులు గోడకానుకున్నావు,
పడుకుంటే ఊపిరి పోతుందని.
పదోనాడు నిన్ను పడుకోబెట్టినారు
నన్ను అడక్కుండానే.

పూడ్చిపెట్టేటప్పుడు ఆమెను దగ్గరికి రానివ్వలేదు. రోడ్డుకు ఇవతల నిలబడి చూసింది. ప్రార్థన ఫోన్లో జరిగింది, మధ్యలో సిగ్నల్ పోయింది. సాయంత్రానికి ఫోన్ నిండా ఒకటే మెసేజ్: ఎలీషా గారు ప్రభువునందు నిద్రించారు. వాళ్ల క్రైస్తవ ఇళ్లలో చనిపోయాడు అనరు, నిద్రించాడు అంటారు. సమాధి రాళ్ల మీద కూడా అదే చెక్కిస్తారు. పుట్టినప్పటి నుంచి ఆ మాట వింటూనే ఉన్న మనిషి ఆ రోజు నాకు ఫోన్ చేసి, "నిద్రంట అర్చనా, నిద్ర!" అంది. నాకూ ఒళ్లు మండింది. ఆ నెలంతా జనం అట్లాంటి మెత్తటి మాటలే ఒకరికొకరు పంపుకున్నారు. గేటు మూసినవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

మూడేళ్లకు సమాధి మీద రాయి నిలబెడదామనుకుంది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శ్రీనివాసులుకు పేరు, తేదీలు, ఆ నాలుగు పాదాలు కాగితం మీద రాసి ఇచ్చింది. ఈస్టరుకు ముందు అందరూ సమాధులకు సున్నం కొట్టుకుంటారు కదా, ఆ లోపల కావాలంది. గుడ్ ఫ్రైడేకు రెండు రోజుల ముందు ఆమెతో నేనూ వెళ్లాను.

రాయి బాగుంది. అక్షరాలు ఇంకా బాగున్నాయి. అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్దగా, 'ప్రభువునందు నిద్రించెను' అని ఉంది.

"ఇది నేను రాసియ్యలేదే?" అంది అక్క. గొంతు తగ్గింది.

శ్రీనివాసులు మొహం వెలిగిపోతూ ఉంది. "మీరు మర్సిపోయినారనుకొని నేనే ఏసినా మేడం. ఇరవై ఏండ్లుగా మీవోళ్ల రాళ్లు చెక్కుతాండా. అది లేకుంటే ఎట్లా? మాకు శ్రీకారం మాదిరి గదా."

"కింద ఏముందో సదువప్పా."

చదివాడు. మళ్లీ చదివాడు.

"పైన నిద్రపోయినాడంటాండావు. కింద నేను, పడుకోనే లేదంటాండా. మన ఇద్దర్లో అబద్ధమాడేది ఎవురు?"

అతను తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "తుడిచేదానికి పలక కాదు మేడం. గీకితే గుంట పడతాది."

"పడనీ."

"రెండు మాటలూ తీసేయల్లా?"

"ప్రభువునందు ఉండనీ. ఆయన యాడికి పోయింటాడో నాకు తెలుసు. ఎట్లా పోయినాడో గూడా తెలుసు. ఆ నిద్ర ఒక్కటే తీసెయ్."

గంటసేపు గీకాడు. ఆ చోట వేలు ఆనేంత గుంట మిగిలింది. అందులో ఇంకేమైనా చెక్కమంటారా అని అడిగితే వద్దంది.

శనివారం నంద్యాల సమాధుల తోటలో మేస్త్రీ సిమెంటు కలిపి రాయి ఎత్తబోతుంటే, సంఘపెద్ద దావీదు వచ్చి అడ్డం నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ల మనిషి, చెడ్డవాడు కాదు. ఎలీషా అన్న పోయిన రోజు ఫోన్లో ప్రార్థన చేసింది ఆయనే.

"ఏందమ్మా ఇది? బైబిలు వాక్యంలో మాటను గీకిచ్చినావే? అది మన నిరీక్షణ, మళ్లా లేస్తామనే ఆశ. కమిటీ ఒప్పుకోదు. ఆ మాట మళ్లీ ఏపిస్తేనే రాయి నిలబెట్టేది."

"పెద్దయ్యా, నిన్న గుడ్ ఫ్రైడే ప్రసంగం మీరే చెప్పినారు. సిలువ మీద ప్రభువు నిద్రపోయినాడా?"

ఆయన రాయి మీది గుంట వైపు చూశాడు.

"కేకేసి ప్రాణమిడిచినాడని మీరే చెప్పినారు. ఆయన కేకేసినాడు. నా మొగునికి కేకేసేదానికి గూడా ఊపిరి ల్యాకపాయె. తొమ్మిది రాత్రులు కన్ను మూయని మనిషిని పట్టుకొని నిద్రపోయినాడంటే నేను యాడ పెట్టుకోవల్ల ఆ మాట?"

చుట్టూ సున్నం కొడుతున్నవాళ్లందరూ చేతులు ఆపారు. రెండు వరసల అవతల సుజాతమ్మ ఉంది. ఆమె కూతురు అమృత నర్సు, అదే నెలలో డ్యూటీలో పోయింది. ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆ పిల్ల రాయి మీద కూడా నల్లటి పెయింటుతో నిద్రించెను అనే ఉంది.

సుజాతమ్మ కుంచెను బకెట్లో ముంచి, కూతురి రాయి మీద ఆ మాట పైన సున్నం పూసింది. ఒక పూతకు పోలేదు, నలుపు కనిపిస్తూనే ఉంది. మళ్లీ ముంచింది.

"సుజాతమ్మా, నువ్వు గూడా ఏందమ్మా..." అన్నాడు దావీదు.

"నా బిడ్డను ఆ నెలంతా ఎవురు పడుకోనిచ్చినారు దావీదన్నా?" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. మూడో పూత వేస్తోంది.

దావీదు ఆ కుంచెను చూశాడు. తర్వాత మేస్త్రీ దారిలోంచి పక్కకు జరిగాడు.

"నిలబెట్టప్పా," అంది ఎలిజబెత్ అక్క, "సిమెంటు గట్టిపడతాంది."